బాణీ అందరిది - బకాయి ఎవరిది?



డి.ఏ. బకాయిల గురించి మనం తరచు చదువుతుంటాం. ఈ ప్రత్యేక సంచికకు ఒక పాట బకాయి గురించి వ్రాస్తున్నాను. ఇది జమైకా దేశపు సంగతి. మా మనవడు వినే పాటల పుణ్యమా అని నా దృష్టికి వచ్చింది.

జమైకాలో రెగే, దాని నుంచి పుట్టిన డాన్స్‌హాల్ సంగీతాలలో ‘రిడ్డిమ్’ అనేది ఒకటుంది. డ్రమ్ములు, బేస్ గిటారు, ఆర్గాన్ కలిసిన వాద్య సంగీతమే రిడ్డిమ్. ఆ రోజుల్లో గ్రామఫోను రికార్డుకు ఒక వైపు పాట, రెండవ వైపు గొంతు తీసివేసిన వాద్యం ఉండేవి. ఆ వాద్యం మీద ఇంకొకరు తమ మాటలు పాడేవారు. మన ఇళ్లలో ఒకే మంగళహారతి బాణీకి ఎన్నో పాటలు కట్టుకోలేదా? అయితే అక్కడ బాణీయే కాక, టేపు మీది ఆ వాద్యమే మళ్లీ మళ్లీ వాడతారు.

1973లో నిర్మాత విన్‌స్టన్ రైలీ కోసం ఆన్సెల్ కాలిన్స్ ‘స్టాలగ్ 17’ అనే వాద్యం వాయించాడు. యుద్ధఖైదీల శిబిరం కథతో 1953లో వచ్చిన హాలీవుడ్ చిత్రం పేరే దానికి పెట్టారు. దాని మీద బిగ్ యూత్ పాడాడు. 1985లో టెనర్ సా ‘రింగ్ ది అలారం’ పాడాడు. ఈ నడుమ 1982లో సిస్టర్ నాన్సీ అనే ఇరవై ఏళ్ల యువతి ‘బాం బాం’ పాడింది. ఆ పల్లవికి కూడా మూలం 1966లో మేటల్స్ బృందం పాడిన పాటే.

‘బాం బాం’ దేశాలు దాటింది. 1998లో ‘బెల్లీ’ అనే అమెరికన్ చిత్రంలో కూడా వినిపించింది. నాన్సీ 1996లో అమెరికా చేరి, న్యూజెర్సీలో ఒక బ్యాంకులో లెక్కలు చూసే ఉద్యోగం చేసుకుంది. ముప్పై ఏళ్లకు పైగా ఆ పాటపై తనకు రాయల్టీ అందలేదని ఆమె చెప్పింది.

చట్టం సంగతీ చూడాలి. 1911 నాటి బ్రిటిష్ కాపీరైటు చట్టాన్ని మనం 1957లో మార్చుకున్నాం. 1962లో స్వతంత్రమైన జమైకాలో కొత్త చట్టం 1993లో గాని రాలేదు. అప్పటికి ‘బాం బాం’ వచ్చి పదకొండేళ్లు.

2014లో ఒక బూట్ల కంపెనీ ప్రకటనలో తన గొంతు విని నాన్సీ లాయరును ఆశ్రయించింది. ఆల్బంలో సగం హక్కు, గడిచిన 10 సంవత్సరాల సొమ్ము దక్కాయి. అంతకు ముందు కాలమంతా రానట్టే. సర్వీసు రిజిస్టరులో ఎక్కని సర్వీసు పెన్షనుకు లెక్కకు రాదని మనకు తెలియనిదా?

బాణీని పంచుకోవడం తప్పని నేననను. పంచుకోబట్టే ఆ వాద్యం ఇన్నేళ్లు బ్రతికింది. కాని వాయించినవారి పేరు, పాడినవారి పేరు ఆ రోజే కాగితం మీదకు ఎక్కాలి. బాణీ పదిమందిదీ కావచ్చు; పద్దు మాత్రం ఎవరిది వారికి వ్రాయాలి.