సామంతుడు, చూరునీళ్ళు, పదహారు మీటర్లు

సామంతుడనగానే మనకు కిరీటమూ కప్పమూ స్ఫురిస్తాయి. చక్రవర్తికి లోబడిన చిన్నరాజు. కాని ధర్మశాస్త్రాలు తెరిచి చూస్తే ఈ శబ్దానికి రాచరికంతో పనే లేదు. సమంతమంటే చుట్టూ ఉన్నది. చుట్టుప్రక్కల ఉండేవాడు సామంతుడు, అంటే సాక్షాత్తూ మన పొరుగింటాయన! రాజ్యానికి పొరుగున ఉన్న రాజుకు ఈ పేరు వచ్చి, క్రమంగా లొంగిన రాజుకు స్థిరపడి, అసలు పొరుగువాడు పాపం ఆ మాటలోంచి జారిపోయాడు. మాటలోంచే కాదు, ఇల్లు కట్టే వ్యవహారంలోంచీ అంతే నిశ్శబ్దంగా జారిపోయాడని నా అనుమానం.

ఇప్పుడీ ప్రస్తావన ఎందుకంటారా? మా ఇంటి పడమటి ప్రక్క రెండు పాత ఇళ్ళు పడగొట్టి, స్థలాలు కలిపి, ఐదంతస్తుల అపార్టుమెంటు కట్టబోతున్నారు. క్రింద సెల్లారు తవ్వుతారట. మా ప్రహరీకి ఇవతల మూడు గజాల దూరంలో మా నాన్నగారు త్రవ్వించిన బావి ఉంది. అభ్యంతరం వ్రాసి ఇద్దామని కాగితం ముందు పెట్టుకుంటే, పండితుడి బుద్ధి కదా, ముందుగా చేయి పుస్తకాల బీరువా వైపు వెళ్ళింది.

అర్థశాస్త్రం మూడవ అధికరణంలో వాస్తు వివాదాల భాగం చదివిన మిత్రులెందరో తెలియదు. గూఢచారులనూ మండల సిద్ధాంతాన్నీ చెప్పిన కౌటిల్యుడే అక్కడ కూర్చుని చూరునీళ్ళ గురించి వ్రాస్తాడు. ఇంటి తగాదాలు పొరుగువారి మాట మీద తేలాలంటాడు. పునాది ఇతరుల గోడకు రెండు అరత్నుల దూరమో మూడు పాదాల దూరమో ఉండాలి. అరత్ని అంటే మన మూర. నీళ్ళ కాలువ వాలుగా పారాలి, పొరుగు గోడకు ఇంత ఎడంగా ఉండాలి, తప్పితే 54 పణాల జరిమానా. తిరగలి, రోలు, పొయ్యి, నీళ్ళకుండ, బండి ఎడ్లు, వీటన్నిటికీ దూరాలు చెప్పాడు. రెండు చూరుల నడుమ నాలుగు వ్రేళ్ళ వెడల్పు సందు, లేదా ఒకటి రెండవదాని మీదికి ఎక్కినా సరేనట. ఎదుటివారికి బాధ కలిగేలా తలుపో కిటికీయో పెడితే దండన, రాజమార్గం వైపైతే మాత్రం మినహాయింపు. ఇంతా చెప్పి, ఇళ్ళవాళ్ళు కలిసి మాట్లాడుకుంటే తమకు ఇష్టమైన విధంగా కట్టుకోవచ్చునంటాడు. నాకు అన్నింటికన్న నచ్చింది ఈ చివరి మాటే.

ఇల్లు అమ్మదలచినా పొరుగువాణ్ణి దాటి పోవటానికి లేదు. ముందు జ్ఞాతులు, తరువాత సామంతులు, ఆ తరువాత అప్పిచ్చినవారు కొనవచ్చు. చుట్టుప్రక్కల నలభై కుటుంబాల ఎదుట, ఇంటి ముందరే అమ్మకం చాటాలి. యాజ్ఞవల్క్యుడు సరిహద్దు తగాదాలో సామంతులతో పాటు వృద్ధులనూ పశుల కాపరులనూ పిలిపిస్తాడు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరి, భూమి చేతులు మారటానికి పొరుగువారి సమ్మతి ఎందుకో వివరిస్తుంది. అది యాజమాన్యంలో వాటా ఉన్నందుకు కాదు, రేపు గట్టు తగాదా రాకుండా ఉండేందుకట. ఆ మితాక్షరినే 13వ శతాబ్దిలో మన కేతన విజ్ఞానేశ్వరీయంగా తెనిగించాడు. తిక్కనకు దశకుమారచరిత్రను అంకితమిచ్చిన కవి న్యాయశాస్త్రాన్ని పద్యాల్లో పెట్టాడంటే, వినేవారికి ఆ అవసరం ఉండేదన్న మాటే కదా.

ఆంగ్లేయుల దారి వేరు. 1610లో ఆల్డ్రెడ్ అనే ఆయన, పొరుగువాడు తన ఇంటి ప్రక్కన పందులదొడ్డి కట్టాడని దావా వేసి గెలిచాడు. వెలుతురు, గాలి అడ్డగిస్తే, దుర్గంధం భరించరానిదైతే దావా చెల్లుతుంది; కిటికీలోంచి కనపడే అందమైన దృశ్యం పోయిందంటే చెల్లదు అన్న విభాగం ఆ వ్యాజ్యంతో ప్రసిద్ధికెక్కింది. మన దేశానికి 1882లో వచ్చిన ఈజుమెంట్ల చట్టంలో, ఇరవై ఏళ్ళు అంతరాయం లేకుండా అనుభవించిన గాలి వెలుతురులు హక్కు అవుతాయన్నారు. గమనించండి, ఇక్కడ పొరుగువాణ్ణి ముందుగా ఎవరూ అడగరు. నష్టం జరిగిన పిదప అతడే కోర్టు మెట్లెక్కి నిరూపించుకోవాలి.

తరువాత పట్టణ ప్రణాళికలు వచ్చాయి. 1908 మూసీ వరద అనంతరం 1912లో హైదరాబాదులో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. మద్రాసు రాజధానిలో 1920లో పట్టణ ప్రణాళికా చట్టం వచ్చింది. పొరుగువాడి స్థానంలో ప్లాను, అతడి సమ్మతి స్థానంలో ఆఫీసు ముద్ర. 2020లో తెలంగాణలో తెచ్చిన చట్టంతో 75 గజాల లోపు చిన్న ఇంటికి అనుమతే అక్కరలేదు. 600 గజాల వరకు, పది మీటర్ల ఎత్తు వరకు, యజమాని స్వయంధ్రువీకరణ చాలు. ఆఫీసుల చుట్టూ తిరిగినవాడిగా దీన్ని నేను తప్పుపట్టను. నలభై కుటుంబాల ఎదుట చాటింపు మాత్రం ఎక్కడా లేదు.

అయినా కోర్టుల్లో సామంతుడు అప్పుడప్పుడు తలెత్తుతూనే ఉన్నాడు. ఉడిపిలో కల్యాణమండపాన్ని సినిమాహాలుగా మార్చటానికి పురపాలక సంఘం అనుమతిస్తే, రామదాస్ షెణాయ్ అనే నివాసి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. నివాస ప్రాంతమని ప్రణాళికలో వ్రాసిన తరువాత దాన్ని అమలుపరచమని అడిగే హక్కు అక్కడి నివాసులకుందనీ, కట్టినవాడు డబ్బు ఖర్చు పెట్టేసినంత మాత్రాన అక్రమం సక్రమం కాదనీ 1974లో తీర్పు వచ్చింది. ఇక నోయిడా జంట భవనాల సంగతి మీకు తెలిసిందే. ప్రక్క భవనానికి 16 మీటర్లు వదలవలసిన చోట తొమ్మిదే వదిలారన్నది అందులో ముఖ్యమైన ఫిర్యాదు. అక్కడ ముందే ఇళ్ళు కొన్నవారు 2012లో కోర్టుకెక్కారు. 2014లో అలహాబాదు హైకోర్టు, 2021లో సుప్రీంకోర్టు కూల్చమన్నాయి. 2022 ఆగస్టు 28న దాదాపు నూరు మీటర్ల కట్టడాలు కొన్ని క్షణాల్లో నేలకూలాయి. కౌటిల్యుడి రెండు మూరలే పదహారు మీటర్లై వచ్చాయి.

ఇందులో ఇంకొక పార్శ్వం ఉంది. దాన్ని దాచటం న్యాయం కాదు. 1926లో అమెరికా సుప్రీంకోర్టు, యూక్లిడ్ అనే ఊరి వ్యాజ్యంలో, ఒంటి ఇళ్ళ మధ్యకు వచ్చే అపార్టుమెంటును పరాన్నభుక్కుతో పోల్చింది. అటువంటి నియమాల చాటున పేదవారినీ నల్లవారినీ వీధిలోకి రానీయకుండా చేసిన చరిత్ర అక్కడ చాలా ఉంది. మనం ఏమీ తక్కువ తినలేదు. నా అర్జీ చూసిన మా వీధి పెద్దమనిషి ఒకరు “ఎవరెవరో వస్తారండీ, ఆ మాట కూడా వ్రాయండి మాస్టారూ” అన్నారు. ఏ కులమో ఏమి తింటారో అన్నది ఆయన మనసులోని భావం. నేను వ్రాయలేదు. వచ్చేవారు రావలసిందే. ఇరవై కుటుంబాలు నీడలో ఉంటాయంటే నా కిటికీ సాయంత్రపు ఎండ నాకంత ముఖ్యం కాదు. పడమటి ఆకాశం కనపడదన్న వాక్యం కూడా కొట్టివేశాను, ఆల్డ్రెడ్ గుర్తుకు వచ్చి.

మిగిలినవి మూడు. సెల్లారు గొయ్యికి నా బావికీ నడుమ దూరం. వర్షపునీటిని ఏ వైపుకు మళ్ళిస్తారన్నది. ప్లానులో చూపిన ఖాళీ జాగా నేలమీద నిజంగా ఉంటుందా అన్నది. మనుమడు టేపు పట్టుకుంటే ప్రహరీ పొడవునా కొలతలు తీసి అర్జీకి జతచేశాను. దస్తావేజు నకలు కూడా పెట్టాను. దానిలో చతుర్హద్దుల దగ్గర ‘పడమర’ అని ఉన్న చోట, ఇల్లు అమ్ముకుని వెళ్ళిపోయిన మా పాత పొరుగాయన పేరు ఇప్పటికీ ఉంది. బిల్డరుకు కూడా ఒక ప్రతి పంపాను, కలిసి మాట్లాడుకుందాం రమ్మని.