సంచార విమానముల పరీక్ష



పందెమనగానే మనకు వేగము స్ఫురించును. ముందు చేరిన బండికే బహుమానము. కాని మా కోటబొమ్మాళి ప్రాంతపు రైతు సంతలో ఎడ్లను కొనునపుడు పరుగొక్కటే చూడడు. పళ్లు చూచును, గిట్టలు చూచును, బరువు లాగించి చూచును, కాడి క్రింద కుదురుగా నిలుచునా యని పరికించును. పందెపుటెద్దు వేరు, సేద్యపుటెద్దు వేరు. రెండు ప్రపంచ యుద్ధముల నడిమి కాలమున ఐరోపాలో విమానములకు జరిగిన యొక పోటీ ఈ రైతు పరీక్ష వంటిది. దానిని గూర్చి నేడు కొంత మనవి చేసెదను.

1914 మొదలు 1918 వఱకు జరిగిన మహాయుద్ధమున విమానము సంహార సాధనమయ్యెను. యుద్ధము ముగిసిన పిమ్మట, ఇద్దరు కూర్చుండి దేశములు తిరిగివచ్చుటకు తగిన చిన్న విమానమును గృహస్థులకు అందింపవలెనను కోరిక పుట్టెను. 1925లో ఇంగ్లండున వెలువడిన డి హావిలాండు వారి మాత్ విమానము ఇట్టివానిలో ప్రసిద్ధము. ఇట్టి సంచార విమానములకై అంతర్జాతీయ వైమానిక సమాఖ్య పక్షమున నాలుగు పోటీలు జరిగెను. మొదటిది 1929లో పారిస్ నగరమునను, తరువాతి రెండు 1930, 1932 సంవత్సరములలో బెర్లిన్ నగరమునను, కడపటిది 1934లో వార్సా నగరమునను జరిగెను. గెలిచిన దేశమే మఱుసటి పోటీ నడుపవలెను.

నేను బడిపంతులను గనుక, ఆ పోటీ నాకు పరీక్షవలె తోచును. ఒక విషయమున నూటికి నూరు తెచ్చుకొని తక్కినవానిలో తప్పిన బాలుడు ఉత్తీర్ణుడు కాడు గదా. అచ్చటను అంతే. ఇంజను ఎంత సులభముగా కదలును? రెక్కలు ముడిచి చిన్న కొట్టములో ఉంచవచ్చునా? పెట్రోలు ఎంత ఖర్చగును? 8 మీటర్ల యెత్తు అడ్డును దాటి లేచుటకు ఎంత నేల కావలెను? అదే అడ్డును దాటి దిగి, ఎంత దూరములో ఆగును? అనగా, మా ఉద్దానమున నొక లేత కొబ్బరితోపుమీదుగా దిగి, దాని ప్రక్క పొలములోనే ఆగవలెనన్నమాట. వీనికన్నిటికిని వేఱువేఱుగా మార్కులు. పిదప వేలకొలది కిలోమీటర్ల దేశసంచారము.

వీనిలో నాకు మిక్కిలి నచ్చిన పరీక్ష మందగమనము. పడిపోకుండ ఎంత మెల్లగా ఎగురగలదో చూచి మార్కు లిచ్చిరి. విమానపు వేగము తగ్గిన కొలది రెక్కలకు గాలి పట్టు తగ్గును. ఒక హద్దు దాటినచో పట్టు తప్పి కూలును. ఆ హద్దు ఎంత తక్కువగా నున్న అంత చిన్న పొలములో దిగవచ్చును. ఇంజను చెడిన వేళ ప్రాణము నిలుపునది ఇదియే. అందులకై రెక్క ముందంచున సన్నని పలకల నమర్చిరి. పలకకును రెక్కకును నడుమ సందుగుండ దూసిన గాలి రెక్కకు పట్టు నిలుపును.

1929లో 55 విమానములు బయలుదేరగా సంచారము ముగించినవి 31 మాత్రమే. ఆ యేటను, 1930లోను జర్మనీకి చెందిన ఫ్రిట్జ్ మోర్జిక్ గెలిచెను. 1930లో ఇంగ్లండు వనిత విన్‌ఫ్రెడ్ స్పూనర్ నాల్గవ స్థానము పొందెను.

1932లో గెలుపు పోలండునకు దక్కెను. ఆ విమానము కథ వినదగినది. వార్సా సాంకేతిక విద్యాలయమున చదువుకొనుచు విమానములు కట్ట మొదలిడిన రొగాల్స్కి, విగూరా, ద్జెవియెత్స్కి యను మువ్వురి పేళ్ల మొదటి అక్షరములే దానికి పేరు: ఆర్.డబ్ల్యు.డి.-6. నడిపినవాడు జ్విర్కో, తోడుగా కూర్చున్నవాడు నిర్మాతలలో నొకడైన విగూరాయే. తాను కట్టినదానిలో తానే కూర్చుండుటకంటె గొప్ప హామీ యేమి కలదు? ఆగస్టు 28న వారు విజేతలైరి. రెండు వారములకే, సెప్టెంబరు 11న, ప్రాగ్ నగరమునకు పోవుచు గాలివానలో చిక్కి, చెర్లిట్స్కో గ్రామము చెంత కూలి ఇరువురును మరణించిరి. మనిషి ఎంత జాగ్రత్తగా పరీక్ష వ్రాసినను గాలి తన ప్రశ్న తాను వేయును.

1934లో మరల పోలండే గెలిచెను. తొమ్మిదివేల అయిదువందల కిలోమీటర్లకు పైబడిన ఆ సంచారము మధ్యధరా సముద్రము దాటి ఉత్తరాఫ్రికా వఱకు సాగెను. బాయాన్ ప్రథముడు, జర్మనీ వాడైన జైడెమాన్ తృతీయుడు. పిమ్మట పోలండు మఱుసటి పోటీ భారము వహింపలేదు. ఆ వరుస అంతటితో నిలిచెను.

మన దేశమునకును ఇట్టి చిన్న విమానముల ముచ్చట అదే కాలమున వచ్చెను. ఇంగ్లండు, ఇండియాల నడుమ ఒంటరిగా ఎగిరిన మొదటి భారతీయునకు ఆగాఖాన్ బహుమానము ప్రకటించిరి. 1930లో అస్పీ ఇంజనీరు అటునుండి, జె.ఆర్.డి. టాటా ఇటునుండి బయలుదేరిరి. ఈజిప్టున అబూకీర్ వద్ద స్పార్కు ప్లగ్గులు లేక అస్పీ చిక్కుకొనియుండగా, టాటా తన యొద్ద నున్నవి ఇచ్చెను. బహుమానము అస్పీకి దక్కెను. 1932 అక్టోబరున టాటా వారి టపా విమానము కరాచీనుండి బొంబాయి చేరి, అచ్చటినుండి బళ్లారి మీదుగా మద్రాసు చేరెను.

ఇంతలో కాలము తిరిగెను. 1934 పోటీకై జర్మనీ సిద్ధపఱచిన విమానముల అనుభవము యుద్ధవిమానముల నిర్మాణమునకు తోడ్పడెను. చిన్న పొలములో దిగు నేర్పు, రైతునకు గాక సేనాపతికి పనికివచ్చెను. జైడెమాన్ జర్మను వైమానిక దళమున సేనాని యయ్యెను. 1939 సెప్టెంబరున పోలండుపై జర్మనీ బాంబులు వేయగా బాయాన్ గాయపడెను. ఐదేండ్ల క్రిందట వారిరువురు ఒకే పరీక్ష వ్రాసినవారు! ఆ మంట మన తీరమునకును తాకెను. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపైనను కాకినాడపైనను జపాను విమానములు బాంబులు వేసెను. మా పెద్దలకు విమానమనగా చాలకాలము ఆ దినమే జ్ఞాపకము.

అయినచో ఆ పోటీలు వ్యర్థములా? కాదని నా మనవి. విద్య తప్పు చేయదు. విద్య నేర్చినవానిని ఏలువారు చేయుదురు. మెల్లగా, భద్రముగా, తక్కువ ఖర్చుతో, సామాన్యుని పొలములో దిగగల విమానమే గొప్పదని ఒకప్పుడు పలుదేశముల వారు కలిసి మార్కులు వేసిరి. ఆ మార్కుల పట్టీ నేటికిని సత్యమే. జ్విర్కో, విగూరాలు గెలిచిన ఆగస్టు 28ని పోలండు ప్రజలు ఏటేట వైమానిక దినముగా పాటించుచున్నారు. నడిపినవాని పేరు, కట్టినవాని పేరు, రెండును కలిపియే తలచుచున్నారు.