మూకహాసకుని యనువృత్తి

వ్యాకరణశాస్త్రమున ననువృత్తి యను నొక మర్యాద కలదు. పూర్వసూత్రమున బఠింపబడిన పదము పరసూత్రమున మరల నుచ్చరింపబడకయే యచ్చట నర్థము నిచ్చును. పూర్వసూత్రము నెరుగనివానికి బరసూత్రము బోధపడదు. హాస్యకళయందును నిట్టి మర్యాద కలదనుటకు మూకచిత్రముల నాటి హాసకుడగు చార్లీ చాప్లిన్ చరిత్రము నిదర్శనము.

వికృతములగు నాకార వాగ్వేష చేష్టలవలన హాస్యము పుట్టునని యాలంకారికులు చెప్పిరి. 1914వ సంవత్సరమున దేశదిమ్మరి వేషముతో దెరపై గానవచ్చిన చాప్లినునకు వాక్కు లేదు. తక్కిన మూడింటితోడనే లోకమును నవ్వించెను. పొట్టి మీసము, గుండ్రని టోపి, చేతికర్ర, బిగుతు కోటు, వదులు లాగు, పెద్ద జోళ్లు అతని చిహ్నములు. 1936లో వెలువడిన ‘మోడరన్ టైమ్స్’ చిత్రమున నా దిమ్మరి గొంతు తొలిసారి వినబడెను. అదియు నర్థములేని మాటల పాటయే.

ఈ చిహ్నములు త్వరలోనే బొమ్మల చిత్రములకు సంక్రమించెను. 1923 నాటి ‘ఫెలిక్స్ ఇన్ హాలీవుడ్’ అను చిత్రమున ఫెలిక్స్ అను పిల్లి చాప్లిన్ వలె నభినయింపగా, బొమ్మ చాప్లిన్ వచ్చి తన విద్యను దొంగిలించితివని గద్దించును. 1933 నాటి ‘మికీస్ గాలా ప్రెమియర్’ చిత్రమున జాప్లినుతోపాటు బస్టర్ కీటన్, హెరాల్డ్ లాయిడ్ అను మూకహాసకులును బొమ్మలై కనబడుదురు. తెలుగున 1986లో జంధ్యాల దర్శకత్వమున వెలువడిన ‘చంటబ్బాయ్’ చిత్రములో జిరంజీవి యీ వేషమునే ధరించెను. 2011లో ‘చాప్లిన్ అండ్ కో’ అను టెలివిజన్ బొమ్మల ధారావాహిక వెలువడెను. దాని నిర్మాణమున ఫ్రెంచి సంస్థలతో హైదరాబాదులోని డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ పాలుగొనెను. అందు దిమ్మరి నేటి నగరవీథులలో దిరుగును. మాట మాత్రము నేటికిని లేదు.

కదలు బొమ్మచే నవ్వించుట తెలుగుసీమకు గ్రొత్త గాదు. రాయలసీమ తోలుబొమ్మలాటలో రామాయణ భారత కథల నడుమ జుట్టు పోలిగాడు, బంగారక్క, కేతిగాడు ప్రవేశింతురు. మూలకథలో వీరికి స్థానము లేదు; ఏ కథ యాడినను వీరు తప్పరు. నీడ తెరపై బడినతోడనే, మాట పుట్టకముందే, ప్రేక్షకుడు వీరిని గుర్తించును. ఇదియు ననువృత్తియే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల యందు నీ విషయము ప్రత్యేకముగ విచారింపదగియున్నది. 1911లో జిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు మదనపల్లె కడప జిల్లానుండియు, పుంగనూరు ఉత్తరార్కాటు జిల్లానుండియు వచ్చి చేరెను. కుప్పమున దెలుగు, తమిళము, కన్నడము కలిసికొనుచున్నవి. ఆవలి తమిళ తెరుక్కూత్తులో గట్టియక్కారన్ అను హాసకుడు పోలిగానివలెనే కథలోనికి వచ్చి పోవుచుండును. భాష మారినను బాత్ర మారలేదు. మాటలేని చాప్లినునకు మూడు భాషల యెల్లయు నడ్డము గాదు. పోలిగానికి మాత్రము మాటయే ప్రాణము. ఆ మాట యా యూరి పలుకుబడిలో నప్పటికప్పుడు పుట్టునది.

ఇచ్చటనే భేద మున్నది. చాప్లిన్ చిత్రములు నిలిచియున్నవి గావున బూర్వసూత్రమును నేడును జదువవచ్చును. పోలిగాని హాస్యము ఆటగాండ్ర నాలుకపై నిలిచినది. మదనపల్లెకు వాయవ్యమున, ధర్మవరపు సీమలోని నిమ్మలకుంటలో బొమ్మలు చేయు కుటుంబములు గలవు. అచ్చటి దళవాయి చలపతిరావునకు 2020లో బద్మశ్రీ బిరుదము లభించెను. బొమ్మకు గౌరవము గలిగినది. నడిమి హాస్యపు మాటలను గూడ వ్రాసి నిలుపవలెను. 1997లో గుప్పమున స్థాపింపబడిన ద్రావిడ విశ్వవిద్యాలయము మూడు భాషల కూడలిలో నుండుటచే నా సేకరణమున కది తగిన తావు. టోపిని జూచి చాప్లినును గుర్తించు బాలుడు జుట్టును జూచి పోలిగాని గుర్తింపకున్నచో నది బాలుని దోషము గాదు; వానికి బూర్వసూత్రమును బెద్దలు చెప్పకపోవుటయే దోషము.