ఆరు చిట్టి ఆర్‌ఎన్‌ఏలు: ఊపిరితిత్తి నుంచి కంటిగడ్డ దాకా

పిండంలో అవయవాల నిర్మాణం ప్రొటీన్ల పెత్తనమేనని జీవశాస్త్రం చాలాకాలం నమ్మింది. 1993లో ఆ నమ్మకం బీటలు వారింది. మిల్లీమీటరు పొడవుండే సి. ఎలిగాన్స్ అనే నులిపురుగులో విక్టర్ ఆంబ్రోస్, రోసలిండ్ లీ, రోండా ఫైన్‌బామ్ 22 అక్షరాల ఆర్‌ఎన్‌ఏను కనుగొన్నారు. దాని పేరు లిన్-4. అది ఏ ప్రొటీన్‌నూ తయారుచేయదు; లిన్-14 జన్యువు పంపే సందేశానికి అతుక్కుని, ఆ జన్యువు ప్రొటీన్ ఉత్పత్తిని అణచివేస్తుంది. అతుక్కునే చోటును గ్యారీ రవ్కున్ బృందం అదే ఏడాది చూపించింది. అయినా పురుగుల వింతగానే దాన్ని లెక్కగట్టారు. 2000లో లెట్-7 అనే మరో చిట్టి ఆర్‌ఎన్‌ఏ మనిషి సహా ఎన్నో జంతువుల్లో కనిపించాకే పరిశోధకుల చూపు ఇటు మళ్లింది.

మైక్రో ఆర్‌ఎన్‌ఏలనే ఈ చిట్టి ఆర్‌ఎన్‌ఏలు లేకపోతే పిండం ఏమవుతుంది? మైక్రో ఆర్‌ఎన్‌ఏలను కత్తిరించి సిద్ధం చేసే ఎంజైము డైసర్. అది లేని ఎలుక పిండాలు తొలి దశలోనే చనిపోతాయని 2003లో తేలింది. 2005లో డైసర్ లేని జీబ్రాచేపల్లో మెదడు సరిగా రూపు కట్టలేదు. మిర్-430 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏను ఎక్కిస్తే ఆ లోపం చాలావరకు సర్దుకుంది. 2006లో ఎలుక ఊపిరితిత్తుల నుంచి డైసర్‌ను తీసేస్తే గాలిగొట్టాలు సరిగా కొమ్మలు వేయలేదు.

డైసర్‌ను తొలగిస్తే అన్ని మైక్రో ఆర్‌ఎన్‌ఏలూ ఒక్కసారే పోతాయి. ఏది ఏ పని చేస్తుందో తెలియదు. ఆ చిక్కు విప్పడానికి పనికొచ్చింది మిర్-17-92 గుంపు. మనిషిలో 13వ క్రోమోజోముపై ఒకేచోట పుట్టే ఆరు మైక్రో ఆర్‌ఎన్‌ఏలివి. 2008లో ఈ గుంపును తొలగించిన ఎలుకపిల్లలు ఎదగని ఊపిరితిత్తులతో, గుండె గదుల నడుమ రంధ్రంతో పుట్టి వెంటనే చనిపోయాయి. మనుషుల్లో దీని ఒక ప్రతి లోపిస్తే తల చిన్నదై, వేళ్లు పొట్టివయ్యే ఫైన్‌గోల్డ్ సిండ్రోమ్ రావచ్చని 2011లో తెలిసింది.

తక్కువైతే అవయవం ఎదగదు. ఎక్కువైతే క్యాన్సర్ రావచ్చు. ఈ రెండో సగానికి చెన్నై చేర్పు ఉంది. రెటీనా రూపుదిద్దుకునే దశలో అదుపు తప్పిన కణాల నుంచి పుట్టే పసిపిల్లల క్యాన్సర్ రెటినోబ్లాస్టోమా. ఎస్.ఎస్. బద్రీనాథ్ 1978లో చెన్నైలో స్థాపించిన శంకర నేత్రాలయలో ఎస్. కృష్ణకుమార్ బృందం ఈ గడ్డల్లో మిర్-17-92 మోతాదు మించి ఉందని 2012లో ప్రచురించింది. ఎప్‌కామ్ అనే ప్రొటీన్‌ను తగ్గిస్తే ఈ గుంపూ తగ్గింది. నేరుగా దీన్నే అడ్డుకుంటే ల్యాబ్‌లోని క్యాన్సర్ కణాలు దెబ్బతిన్నాయి.

పిండశాస్త్రం, క్యాన్సర్ శాస్త్రం వేర్వేరు చదువులు కావని ఈ రెండు దశాబ్దాల చరిత్ర తేల్చింది. ఆంబ్రోస్, రవ్కున్‌లకు 2024లో నోబెల్ వచ్చింది. ఈ ఆర్‌ఎన్‌ఏలను అడ్డుకునే మందు మాత్రం రెటినోబ్లాస్టోమా పిల్లలకు ఇంకా అందలేదు. ఇప్పటికీ వారిని కాపాడేది జబ్బును తొందరగా గుర్తించడమే. ఫొటోలో బిడ్డ కంటిపాప తెల్లగా మెరిస్తే ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించండి.