కాన్ఫరెన్సు బ్యాగు

చింతలపూడిలో మా మావయ్యకి మందుల షాపు ఉండేది. ఇంట్లో కూరగాయలకీ, కొల్లేరు చేపలకీ వాడే జిప్పు బ్యాగులన్నీ ఊళ్ళో డాక్టరుగారు ఇచ్చినవే. ఒకవైపు సదస్సు పేరు, రెండోవైపు మందుల కంపెనీ పేరు. డాక్టరుగారు ఏలూరో విజయవాడో వెళ్ళి పాఠం విని వచ్చారంటే మాకింకో బ్యాగు వస్తుందని లెక్క. పాఠానికి డబ్బులెవరు కట్టారో దానిమీదే రాసుండేది. ఎవరూ దాచలేదు, ఎవరూ అడగలేదు.

2002లో మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తెచ్చిన నియమావళి ప్రకారం డాక్టర్లు ఐదేళ్ళకి కనీసం 30 గంటలు ఇలాంటి సభల్లో కూర్చోవాలి. వాడుకలో సీఎంఈ అంటారు. మంచి నియమమే, ఇరవై ఏళ్ళ కిందటి పుస్తకంతో వైద్యం చేస్తే ఎలా? మరి హాలు అద్దె, భోజనాలు, వక్త టిక్కెట్టు ఎవరిమీద? ఆ ఖాళీలో కంపెనీ వచ్చి కూర్చుంది.

2009 డిసెంబరులో కౌన్సిల్ 6.8 అనే నిబంధన చేర్చింది. కంపెనీల నుంచి బహుమతులు, ప్రయాణాలు, ఆతిథ్యం, నగదు పుచ్చుకోకూడదు. ఇది డాక్టర్లతో పాటు డాక్టర్ల సంఘాలకీ వర్తించేది. 2016 ఫిబ్రవరి సవరణలో శిక్షలు వివరంగా రాశారు, పనిలో పనిగా సంఘాల ప్రస్తావన తీసేశారు. నా దృష్టిలో ఈ కథకి అసలు మలుపు ఇదే. సదస్సులు పెట్టేది ఎక్కువగా సంఘాలే కదా! డాక్టరుకి టిక్కెట్టు కొనిస్తే తప్పు, ఆయన సంఘానికి డబ్బు కడితే ఈ నిబంధన కిందికి రాదు. కోడ్ రివ్యూలో ఇలా నాలుగు పదాలు చెరిపేస్తే మేమైతే ఆగి అడుగుతాం.

2022 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు అపెక్స్ లేబొరేటరీస్ కేసులో తీర్పిచ్చింది. జింకోవిట్ ప్రచారానికి డాక్టర్లకిచ్చిన వాటి ఖర్చు, సుమారు 4.72 కోట్లు, పన్నులో మినహాయించమని కంపెనీ అడిగింది. కుదరదన్నారు. ఇలాంటి కానుకల్ని ఏకరువు పెడుతూ కోర్టు బంగారు నాణేలు, ఫ్రిజ్‌లు, ల్యాప్‌టాప్‌ల సరసనే సదస్సుల ఫీజునీ చేర్చింది. ఈ ఖర్చంతా చివరికి మందు ధరలోకే వెళ్తుందనీ చెప్పింది. అంటే మా ఇంటి బ్యాగు ఖరీదు కట్టింది, పామాయిల్ తోటల్లో పనికెళ్ళి వచ్చి మావయ్య దగ్గర మాత్రలు కొన్నవాళ్ళు.

(నేనేం పత్తిత్తుని కాదు. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళ ఉచిత శిక్షణకెళ్ళి, వాళ్ళ బిర్యానీ తిని, వచ్చి వాళ్ళ టూలే మంచిదని వాదించాను. నిజంగానే నమ్మి వాదించాను, అదే భయం.)

2023 ఆగస్టు 2న నేషనల్ మెడికల్ కమిషన్ కొత్త నియమావళి తెచ్చింది. కంపెనీల డబ్బుతో జరిగే సదస్సులకి డాక్టర్లు వెళ్ళకూడదంది. వైద్యుల సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. మూడు వారాలకే, ఆగస్టు 23న, పక్కన పెట్టేశారు. మళ్ళీ 2002 నియమావళే.

2024 మార్చిలో ఫార్మా విభాగం కంపెనీల కోసం ఒక ప్రవర్తనా నియమావళి విడుదల చేసింది. విదేశాల్లో సీఎంఈలు పెట్టకూడదు, ఖర్చు వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టాలి. దేశంలో మాత్రం పెట్టుకోవచ్చు. డాక్టర్లకి ప్రయాణ ఖర్చులు ఇవ్వకూడదు, సభలో మాట్లాడే వక్తకి తప్ప. చింతలపూడి డాక్టరు సొంత డబ్బుతో ఏలూరు బస్సెక్కాలి. ఆయనకి పాఠం చెప్పేవాళ్ళు కంపెనీ టిక్కెట్టు మీద దిగొచ్చు.