సెయిహకుజి: జపాను నీలిఛాయ పింగాణి

తెల్లటి పింగాణి మీద లేత నీలం తేలే గాజుపూత పాత్రలను జపానులో సెయిహకుజి అంటారు. ఆ నీలం కుంచెతో పూసింది కాదు. పూతలో రవ్వంత ఇనుము ఉంటుంది. బట్టీలోకి గాలి తగ్గించి సుమారు 1,250–1,300 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే ఆ ఇనుమే నీలిమనిస్తుంది. పూత పలచబడ్డ చోట తెలుపు, జారి నిలిచిన చోట నీలం. ఆ పూతను ఎక్కడ నిలపాలన్నదే ఈ పాత్రలు చేసే కళాకారులందరి ఆలోచన.

పుట్టిల్లు చైనా. సోంగ్ వంశ కాలంలో (960–1279) జింగ్‌దెజెన్ కుమ్మరులు చేసిన ఈ పాత్రల చైనా పేరు చింగ్‌బాయి. ఓడలెక్కి జపాను చేరిన వాటి పెంకులు కామకురా కాలపు స్థలాల్లో జరిపిన తవ్వకాల్లో దొరికాయి. జపానువాళ్ల సొంత పింగాణి మాత్రం 17వ శతాబ్ది మొదట్లో, క్యూషూ దీవిలోని అరితాలో, కొరియా కుమ్మరుల చేతుల మీదుగా మొదలైంది. కానీ అరితాకు పేరు తెచ్చినవి బొమ్మలూ రంగులూ. ఏ బొమ్మా లేని ఈ నీలిఛాయకు మంచిరోజులు 20వ శతాబ్దిలో గాని రాలేదు.

పింగాణి కళాకారుడు ఇతయా హజాన్ (1872–1963) చేసిన వాటిలో సెయిహకుజి పాత్రలూ ఉన్నాయి. గిఫు ప్రాంతపు త్సుకమోతో కైజి (1912–1990) సోంగ్ పద్ధతినే సాధన చేశాడు. ఆరీ ఆరని మట్టిని ఒకవైపు వాలుగా చెక్కితే, పూత గాడి లోతులో చిక్కబడి అంచు వైపు పలచనవుతుంది. అలా చెక్కిన పువ్వు రేకకు నీడ దానంతటదే వస్తుంది. 1983లో ప్రభుత్వం ఆయనను 'సజీవ జాతీయ నిధి'గా గుర్తించింది.

క్యోటోకు చెందిన ఫుకమి సుయెహరు (జననం 1947) చెక్కుడును, సారెను కూడా వదిలేశాడు. పలచటి పింగాణి మట్టిని ఒత్తిడితో అచ్చులోకి ఎక్కించి, ఆరాక అంచులను కత్తివాదరలా సానపడతాడు. చేతి జాడ లేదని పెదవి విరిచేవారు ఉండవచ్చు గాని, ఆ అంచు వెంట పూత సన్నబడి మిగిలే తెల్లగీత యంత్రానికి దక్కేది కాదు. 1985లో ఇటలీలోని ఫాయెంజా సిరామిక్ కళల పోటీలో ఆయనకు అగ్రబహుమతి వచ్చింది. క్యోటోలోనే యాగి అకిరా (జననం 1955) ఒకదానిలో ఒకటి ఇమిడే మూతపెట్టెలు చేస్తాడు.

కాతో త్సుబుసా (జననం 1962) దారి వేరు. న్యూజిలాండ్ తెల్లమట్టిని చీల్చి, విరిచి నిలబెడతాడు, పూతను పారనిస్తాడు. అది అంచు దాటి చుక్కలుగా వేలాడుతూ గట్టిపడుతుంది. ఆ చుక్కల్లోనే నీలం అన్నిటికంటే ముదురు.