ఓఎస్‌జీఐ సేవా వడపోత

ఓఎస్‌జీఐ సేవా వడపోత అనేది జావా అనువర్తనాలలో ఒకే ఇంటర్‌ఫేసును అమలుచేసే పలు సేవలనుండి కావలసినదానిని లక్షణాలనుబట్టి ఎంచుకొనే పద్ధతి. 1999లో ఏర్పడిన ఓఎస్‌జీఐ అలయన్స్ ఈ ప్రమాణాన్ని రూపొందించినది.

ప్రతి బండిల్ తన సేవను నమోదు చేయునప్పుడు కొన్ని పేరు-విలువ జతలను జోడించవచ్చును. వడపోత సూత్రపు వ్యాకరణం ఎల్‌డాప్ అన్వేషణనుండి గ్రహింపబడినది. ఉదాహరణకు, నిఘంటు సేవలు అనేకమున్నచోట (&(భాష=తెలుగు)(పదసంఖ్య>=5000)) అని వ్రాసిన, రెండు షరతులకూ సరిపడునవే లభించును. గుర్తు ముందు, షరతులు తరువాత వచ్చుట గణితం చదివినవారికి మొదట వింతగా తోచును. లక్షణాల పేర్లలో ఆంగ్లపు పెద్ద, చిన్న అక్షరాల భేదం పాటింపబడదు. విలువలలో మాత్రం పాటింపబడును. (మన లిపికి ఈ చిక్కు లేదు.)

ఎక్కువమంది పొరబడునది విలువ రకం వద్ద. పదసంఖ్యను పూర్ణసంఖ్యగా కాక అక్షరమాలగా నమోదు చేసినచో పోలిక నిఘంటుక్రమంలో జరుగును. అప్పుడు 900 పదాల నిఘంటువు కూడ పై సూత్రమునకు సరిపోవును, ఏలననగా 5 కంటె 9 పెద్దది.

పలు సేవలు సరిపడినచో ర్యాంకింగు అధికమైనది, ర్యాంకింగు సమానమైన క్రమసంఖ్య తక్కువైనది ఎంపికగును. డిక్లరేటివ్ సర్వీసెస్‌లో టార్గెట్ అనుచోట ఇదే సూత్రం వ్రాయుదురు. తప్పనిసరి సేవ ఒక్కటియు సరిపడనిచో ఆ కాంపోనెంటు చైతన్యవంతం కాక వేచియుండును. సాధారణంగా దోషసందేశం కూడ రాదు, కనుక ముందు సూత్రాన్నే పరిశీలించవలెను.